రెండువేల ఎనిమిదొందల ఎనభై చుక్కలు

పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తగానే నాగరాణి చేసే మొదటి పని, ప్రింటరులో ఒక మామూలు తెల్లకాగితం పెట్టి గీతల పరీక్ష తీయడం. గీతలన్నీ తెగకుండా వస్తే ఆ రోజుకు మిషను మంచిగున్నట్టు. ఒక్క గీత నడుమ తెగినా ఎక్కడో సూదిమొనంత బెజ్జంలో ఇంకు ఎండిపోయిందని అర్థం. అప్పుడు హెడ్ క్లీనింగ్ పెట్టి, చాయ్ తాగి వచ్చి, మళ్లీ తీస్తుంది. దేవుడి పటానికి అగరుబత్తి ఆ తర్వాతే.

తాండూరు స్టేషను రోడ్డులో రెండు నాపరాళ్ల గోదాముల నడుమ ఇరుక్కున్న కొట్టు అది. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు ఎవరైనా తీస్తారు. నాగరాణి దగ్గరికి యాలాల్ నుంచీ, బషీరాబాద్ నుంచీ, సరిహద్దు దాటి సేడం నుంచీ కూడా మనుషులు వచ్చేది నలుపు తెలుపు ఫొటోల కోసం. సమాధి రాళ్ల మీద మొహాలు చెక్కే దేవప్ప పక్క సందులోనే ఉంటాడు. ఆయనకు వెలుగూ నీడా తేటగా విడిపోయిన ఫొటో కావాలి. అలాంటిది నాగరాణి తీసినట్టు ఇంకొకరు తీయలేరని ఆయనే అందరికీ చెబుతాడు.

అందులో పెద్ద రహస్యమేమీ లేదు. నలుపు తెలుపు ఫొటోలో బూడిదరంగు కనబడుతుంది గానీ నిజానికి ఉండదు. ఉన్నవన్నీ నల్ల చుక్కలే. దగ్గరదగ్గరగా పడితే జుట్టు, ఎడంగా పడితే చెంప. అంగుళానికి మూడొందల అరవై చుక్కలు పెడితే ముసలాయన తెల్లగడ్డం మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఏడొందల ఇరవై పెడితే ఆ ఇసుక పిండి అవుతుంది. పద్నాలుగొందల నలభై పెడితే చర్మం చర్మంలాగే వస్తుంది. ఫొటో అంచుకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డవాళ్లు కూడా వస్తారు. రెండువేల ఎనిమిదొందల ఎనభై పెడితే ఇంకా దూరం నుంచి చూస్తూ నిలబడ్డవాళ్లు సైతం వస్తారు. కాకపోతే ఇంకు మస్తుగా తాగుతుంది, టైము పడుతుంది, పూత పూసిన మంచి కాగితం కావాలి. మామూలు కాగితం ఇంకును పీల్చేసుకుంటుంది, చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మనుషులు మసకబారి పోతారు. రంగుల్లో తీస్తే అసలే రారు.

అందుకే కొట్టుకు వచ్చేవాళ్లు ముందే నంబరు చెప్పేస్తారు.

"అక్కా, ఏడొందల ఇరవై మీదనే తియ్యి. ఎక్కువ పెడితే మా పెద్దన్న వస్తడు. ఆయనకు మాకు మాటల్లేవు" అంటాడొకడు. సంబంధం చూస్తున్నవాళ్లయితే పిల్లవాడి ఫొటో తెచ్చి, "జర పద్నాలుగొందల మీద పెట్టమ్మా, పక్కపొంటి ఎవరున్నరో చూద్దం" అంటారు. నాగరాణి ఏ నంబరు అడిగితే ఆ నంబరు పెట్టి, ఫొటో ఆరాక కవర్లో పెట్టి ఇస్తుంది. వచ్చినవాళ్ల గురించి తనుగా ఎప్పుడూ ఒక్క మాట అడగదు.

ఆ వానకాలం చివర్లో ఆమె నాయిన నర్సప్ప చనిపోయాడు. గొర్లను తోలుకొచ్చి దొడ్లో పెట్టి, గొంగడి పరుచుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. యాలాల్ అవతలి పల్లె వాళ్లది. పక్క ఇంట్లోనే ఆయన చెల్లెలు రుక్కమ్మ ఉంటుంది. నాగరాణిని పెంచింది ఈ మేనత్తే. "నిన్ను కన్న దినమే మీ అమ్మ పోయింది బిడ్డా" అన్న మాట నాగరాణి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నదే. అమ్మది ఫొటో కూడా లేదన్నారు. లేనిదాని కోసం ఎంతకని అడుగుతుంది, పదేళ్లు దాటాక అడగడం మానేసింది. నాయిన మాట తక్కువ మనిషి. తాండూరుకు వచ్చినప్పుడల్లా కొట్టు మెట్టు మీద కూర్చుని ప్రింటరు చప్పుడు వింటూ ఉండేవాడు. లోపలికి రమ్మంటే, "ఈడనే బాగున్నది" అనేవాడు.

ఐదో రోజున ఇల్లు కడుగుతూ ఆయన ఇనుపపెట్టె తెరిచారు. తాళంచెవి చివరిదాకా ఆయన మొలతాడుకే ఉండింది. లోపల కొత్త గొంగడి, పట్టా కాగితాలు, అడుగున పోస్టుకార్డంత నలుపు తెలుపు ఫొటో. పొడుగాటి వరండాలో ఒక బెంచీ, దాని మీద వయసులో ఉన్న నర్సప్ప, ఆయన ఒళ్లో మూడేళ్ల నాగరాణి. దవాఖాన వరండా అని గోడకు వేలాడే బోర్డును బట్టి తెలుస్తోంది. వెనక రబ్బరు ముద్ర: వికారాబాద్, 1995.

"దేవప్పకు ఏ ఫొటో ఇస్తవ్ బిడ్డా?" అని రుక్కమ్మ బయటి నుంచి అడిగింది.

"పెట్టెల ఒకటి దొరికింది అత్తమ్మా. నేను నాయిన ఒళ్లో కూసున్నది."

కడుగుతున్న నీళ్ల చప్పుడు ఆగింది. "అది శాన పాతది. మొన్న కార్తీకంల మా నవీను ఫోన్ల తీసిండు గద, అదియ్యి. ఇయ్యాలటి మొఖముంటేనే మంచిగుంటది. చిన్న నంబరు మీద తీసినా చాలు."

నవీన్‌కుమార్ రుక్కమ్మ కొడుకు, నాగరాణి కంటే ఐదేళ్లు చిన్న. యాలాల్, తాండూరు నడుమ ఆటో నడుపుతాడు. వాడు ఇంట్లోవాళ్లందరికీ పంపిన ఫొటో వాట్సాప్‌లో నలిగి నలిగి పలచబడిపోయింది. అంత చిన్న బొమ్మకు ఎన్ని చుక్కలు పెట్టినా మొహం రాదని నాగరాణికి తెలుసు. అందుకే మరునాడు కొట్టు తెరిచి, పాత ఫొటోనే స్కాన్ చేసింది.

దేవప్ప వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏడొందల ఇరవై మీద తీసిన ప్రింటును వెలుగుకు పట్టుకుని చూసి పెదవి విరిచాడు.

"చెంప మీద చుక్కలు కనబడుతున్నయ్ తాయీ. ఉలి యాడ పెట్టాల్నో తెల్వదు నాకు. ఒక మెట్టు పెంచు."

పద్నాలుగొందల నలభై పెట్టింది. ఈసారి నర్సప్ప చెంప నున్నగా వచ్చింది. దాంతోపాటు ఎడమ అంచున, బెంచీ పక్కన ఉన్న స్తంభం కూడా వచ్చింది. స్తంభాన్ని పట్టుకుని నాలుగు వేళ్లు. మణికట్టుకు మట్టిగాజులు.

"ఎవరిదో చెయ్యి" అన్నాడు దేవప్ప.

"దవాఖానల నర్సమ్మ ఎవరన్న ఉండొచ్చు" అంది నాగరాణి. అంటూనే, ఒళ్లో ఉన్న పాప కెమెరాను చూడటం లేదని గమనించింది. పాప ఆ వేళ్లకేసి చూస్తోంది. అలా చూస్తూ ముందుకు వంగితే నాయిన నడుము పట్టుకుని ఆపుతున్నాడు.

మంచి కాగితాలు రెండే మిగిలాయి. కొత్త ప్యాకెట్ హైదరాబాదు నుంచి వచ్చే సోమవారం గానీ రాదు. నాగరాణి రెండింట్లో ఒకటి తీసి పెట్టింది. స్పీడ్ ప్రింటింగ్ గుర్తు తీసేసింది, నల్ల ఇంకు ఒక్కటే ఉంచింది, నంబరును రెండువేల ఎనిమిదొందల ఎనభైకి మార్చింది. ప్రింటరు తల ఒక్కో వెంట్రుకవాసి కదులుతూ పోయి వస్తోంది. దేవప్ప బీడీ కాల్చుకుని రావడానికి బయటికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి ప్రింటు పళ్లెంలోకి దిగింది.

స్తంభం వెనక ఒక మనిషి నిలబడి ఉంది. దవాఖాన వాళ్లిచ్చే మందపాటి చీర. కొంగును మూతికి అడ్డం కట్టుకుంది. కళ్లూ నుదురూ మాత్రమే కనబడుతున్నాయి.

దేవప్ప కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మొహాలు చెక్కుతున్న మనిషి ఆయన.

"ఇది నీ ఫొటో గదా తాయీ. ఎప్పుడు దిగినవ్?"

నాగరాణి కౌంటరు అద్దం పట్టుకుంది. తన పాస్‌పోర్టు ఫొటోను తనే ఎన్నిసార్లు దిద్దుకుందో. ఎడమ కనుబొమ్మ కుడిదాని కంటే కొంచెం పైకి ఉంటుంది. ఎంత సరిచేసినా అది అట్లాగే ఉంటుంది. ఆ కనుబొమ్మే అక్కడ, కొంగు పైన ఉంది. ఆ మనిషికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆ ఫొటోలో తనకు మూడేళ్లు. కన్న రోజునే పోయిన మనిషి, మూడేళ్ల తర్వాత, స్తంభం పట్టుకుని తననే చూస్తోంది.

దేవప్ప ఇంకేదో అంటున్నాడు. అది ఆమె చెవికి ఎక్కలేదు. ప్రింటు ఆరలేదని తెలిసీ వేలితో ఆ నుదురును తాకింది. వేలికి నల్లగా అంటింది.

నవీన్ ఆటోలో ఊరికి చేరేసరికి రుక్కమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నాగరాణి ఏమీ అనకుండా ప్రింటును చాట పక్కన పెట్టింది. రుక్కమ్మ చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, మళ్లీ చూసింది.

"ఏ నంబరు మీద తీసినవ్ బిడ్డా?"

"రెండువేల ఎనిమిదొందల ఎనభై."

"పద్నాలుగొందల కాడ ఆపితే ఏంబోయె నీకు" అంది రుక్కమ్మ. ఆ గొంతులో కోపం లేదు, ఒక్కసారిగా ముసలితనం వచ్చినట్టుంది. "కూసో. నిలబడితే నేను చెప్పలేను."

నాగరాణి కూర్చోలేదు. నవీన్ ఆటో దిగి, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"మీ అమ్మ పేరు అనంతమ్మ. నీకు ఏడాదిన్నరప్పుడు ఆమెకు దగ్గు జబ్బొచ్చింది. నెత్తురు పడుతుండె. వికారాబాద్ గుట్ట మీది దవాఖానల ఏసిన్రు. మా అవ్వకు, మీ నాయినమ్మకు, ఆ జబ్బంటే పానం పోతుండె. మా చిన్నమ్మ గదే జబ్బుతోని పోయింది, పోంగ పోంగ ఇద్దరు పిల్లలను తీస్కపోయింది. అవన్ని మా అవ్వ కండ్లతోటి చూసింది."

"అమ్మకు తగ్గలేదా?"

"తగ్గింది." రుక్కమ్మ చాటలోని కందులను వేళ్లతో కదిపింది. "తీస్కపొమ్మని కార్డు రాసిన్రు. అవ్వ ఒద్దన్నది. ఆమె గడప తొక్కితే పోరిని తీస్కొని బాయిల దుంకుత అన్నది. బిడ్డ ఉన్నదంటే అనంతమ్మ ఊకునే మనిషి గాదు, నడిచన్న వస్తది. అందుకని బిడ్డ లేదని చెప్పి రమ్మన్నది."

"ఎవరిని?"

"మీ నాయినను."

"నాయిన చెప్పిండా?"

"పోయి చెప్పొచ్చిండు. కామెర్లతోని పోయిందని. ఆ దినం సంది ఆ మనిషి ఎవరితోటి ఎక్కువ మాట్లాడలే."

నాగరాణి ఆ మాటనే మళ్లీ అనుకుంది. నాయిన చెప్పాడు. తన జడలు అల్లడం నేర్చుకున్న నాయిన, తనకు జ్వరమొస్తే గొర్లను ఎవరికో అప్పగించి మంచం పక్కన కూర్చున్న నాయిన, బస్సెక్కి వెళ్లి తను చచ్చిపోయిందని చెప్పి వచ్చాడు.

"నువ్వేమన్నవ్ అత్తమ్మా అప్పుడు?"

రుక్కమ్మ చాటను పక్కకు జరిపింది.

"నాకప్పటికి ఇంక పిల్లల్లేరు. నిన్ను తెచ్చి నా ఒళ్లో ఏసిన్రు. నేనేమంట బిడ్డా."

ఆ అమ్మ ఇప్పుడు ఉందో లేదో రుక్కమ్మకు తెలియదు. అన్న ఏటేటా కార్తీకంలో అనంతగిరి గుట్టకు పోతాడనీ, ఒక్కడే పోతాడనీ మాత్రం తెలుసు. దేవుడి కోసమేనా అని ఆమె ఎన్నడూ అడగలేదు. పోయినేడు మోకాళ్లు నొస్తున్నాయంటే నవీన్ ఆటోలో తీసుకుపోయాడు. అప్పుడు తీసిందే ఆ ఫోను ఫొటో.

నాగరాణి మేనమరిది వైపు తిరిగింది. "ఆ ఫొటో నీ ఫోన్ల ఇంకా ఉన్నదా నవీనూ? వాట్సాప్‌ల పంపింది కాదు, అసలుది."

"ఉన్నది వదినా" అన్నాడు నవీన్. "గుట్ట ఎక్కకముందే ఊళ్లె ఆటో ఆపమన్నడు మామ. జరసేపు నిలబడ్తనన్నడు. ఊకెనే నిలబడ్డడని ఫొటో గొట్టిన."

తాండూరుకు తిరిగొచ్చి, వైరు పెట్టి ఫోనులోంచి ఫొటో దించారు. పెద్ద ఫైలే. రోడ్డు పక్కన రుమాలు చుట్టుకుని, చేతికర్ర ఆనుకుని నర్సప్ప. ఆయన చూపు కెమెరా వైపు లేదు. రోడ్డు అవతలికి చూస్తున్నాడు.

మంచి కాగితం ఒక్కటే ఉంది. ఇంకు చూసుకుంటే నల్లది అడుగున గీతంత. అది అయిపోతే కొత్త డబ్బా వచ్చేదాకా పని లేదు. ముందు చిన్న నంబరు మీద తీసి చూద్దామా అనుకుంది. తీస్తే ఇంకు దానికే పోతుంది. గీతల పరీక్ష కూడా తీయలేదు, అందులోనూ ఇంకు పోతుందని. కాగితం అంచులు రెండు చేతులతో సర్ది, నంబరు పెట్టి, మిషన్ను నడవనిచ్చింది.

తల అటూ ఇటూ పోతోంది. ముందు కరెంటు తీగలు వచ్చాయి. తర్వాత ఒక రేకుల కప్పు. కప్పు కింద బోర్డు. చిన్న నంబరైతే ఆ అక్షరాలు ఇసుక అయిపోయేవి. ఇప్పుడు సున్నాలు కూడా నిండుగా ఉన్నాయి: భవ్యశ్రీ పిండి గిర్ని, ఆలంపల్లి రోడ్, వికారాబాద్. బోర్డు కింద తలుపు. తలుపు ముందు మెట్టు. మెట్టు మీద జల్లెడ పట్టుకుని కూర్చున్న మనిషి తల, తెల్లగా. నుదురు. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి. ఈసారి మూతికి కొంగు అడ్డం లేదు.

ఇంకు ఆమె మోకాళ్ల దగ్గర, ఇవతల నర్సప్ప ఛాతీ దగ్గర అయిపోయింది. అక్కడి నుంచి కింద కాగితమంతా తెలుపు.

నవీన్ నెమ్మదిగా అన్నాడు: "వదినా, ఆమె గూడ మామనే చూస్తున్నది."

నిజమే. రోడ్డుకు ఈ దరి నుంచి ఆయన, ఆ దరి నుంచి ఆమె. ఒకరినొకరు చూస్తూనే ఉన్నారు.

మరునాడు నాగరాణి రెండు ప్రింట్లనూ పల్చటి కాగితాల నడుమ పెట్టి, ఫైల్లో సర్దుకుని, వికారాబాద్ బస్సెక్కింది. ధారూరులో ఎవరో పలకరించారు, ఏం జవాబిచ్చిందో ఆమెకు గుర్తులేదు. భర్త బాలస్వామి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. "పోయి చూసొస్త" అని మాత్రం చెప్పింది.

గిర్ని నడుస్తోంది. బెల్టు చప్పుడులో మాట వినపడదు. కనుబొమ్మల మీద పిండి పేరుకున్న యజమాని మల్లయ్య, ఏం పట్టాలన్నట్టు చెయ్యి తిప్పాడు. నాగరాణి మెట్టు వైపు చూపించింది. ముసలామె జొన్నల్లో రాళ్లు ఏరుతోంది. మల్లయ్య ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూసి, వెళ్లి మోటారు బంద్ చేశాడు.

"ఎవరి బిడ్డవమ్మా?" అంది అనంతమ్మ.

నాగరాణి ఫైలు తెరిచి మొదటి ప్రింటు ఇచ్చింది. అనంతమ్మ చేతులు దులుపుకుని, దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇందుల నేను లేకుంటి గద" అంది. "ఖంబం ఎన్కకు నిలబడ్డ. పోరికి నా దగ్గు అంటుతదని ఆయన అక్కడనే ఉండుమన్నడు."

"తాండూరుల గట్ల తీస్తరు. దూరమున్నోళ్లు గూడ పడుతరు" అన్నాడు మల్లయ్య. అని, తను అక్కడ ఉండకూడదనిపించిందేమో, లోపలికి పోయాడు.

"పోరి సూడు, నా దిక్కే దుంకుతున్నది" అంది అనంతమ్మ ఫొటోలో పాప మీద వేలు పెట్టి. "ఎత్తుకోనియ్యలే. గదే ఆఖరు. తర్వాత కామెర్లొచ్చి పోయింది."

"ఎవరు చెప్పిన్రు?"

"ఆయనే వచ్చి చెప్పిండు. గేటు కాడ నిలబడి చెప్పి, గటునుంచి గట్లనే పోయిండు. నేను ఇంక ఆ ఊరి తొవ్వ సూడలే. దవాఖానలనే వంటకు కుదిరిన. ఒంట్లె సత్తువ తగ్గినంక ఈ గిర్నికొచ్చిన."

నాగరాణి మెట్టు మీద, ఆమె పక్కన కూర్చుంది.

"పోలేదమ్మా. ఆ పోరిని నేనే."

అనంతమ్మ ఫొటో చూసింది. ఈమె మొహం చూసింది. మళ్లీ ఫొటో చూసింది. ఏడవలేదు, దగ్గరికి తీసుకోలేదు. చేతిలో ఏరిన రాళ్లు ఉన్నాయి, వాటిని ఎక్కడ పడేయాలో తెలియనట్టు పిడికిలి బిగించి ఉంచింది.

"నీ పేరేంది?"

"నాగరాణి."

"నీకెన్నేండ్లు?"

"ముప్పై మూడు."

అనంతమ్మ రోడ్డు అవతలికి చూసింది. తర్వాత అంది: "ఏటా వస్తుండె ఆయన. రోడ్డవతల నిలబడుతుండె. బిడ్డను బతికించుకోలేదని నేను మొఖం తిప్పుకుంటుంటి. మొన్న కార్తీకంల ఎందుకో తిప్పుకోలే. రోడ్డు దాటబోయిండు. నడుమ బస్సొచ్చింది. బస్సు పోయేసరికి ఆటో ఎక్కిండు." ఆగి, నాగరాణిని చూసింది. "ఆయన పంపిండా నిన్ను?"

"నాయిన పోయి ఏడు దినాలైంది."

అప్పుడు అనంతమ్మ పిడికిలి విప్పింది. రాళ్లు మెట్టు మీద పడ్డాయి. లోపల మల్లయ్య మోటారు వేయబోయి ఆగాడు.

పదకొండో రోజు దినాలకు అనంతమ్మ వచ్చింది. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. నవీన్ ఆటోలోంచి చిన్న చేతిసంచితో దిగింది. సమాధికి అప్పటికే దేవప్ప రాయి నిలబెట్టాడు. రాతి మీది నర్సప్ప కార్తీకం నాటి నర్సప్పే, చూపు పక్కకే ఉంది. కళ్లు నేరుగా చెక్కమంటారా అని దేవప్ప అడిగితే నాగరాణి వద్దంది. అనంతమ్మ రాతి ముందు నిలబడి కాసేపు చూసింది. పువ్వు పెట్టలేదు, దండం పెట్టలేదు.

ఊరివాళ్లు ఆమెను గుర్తుపట్టారు. ఆ ప్రింటు సంగతి అప్పటికే అందరికీ తెలుసు. మొగుడు పోయిన ఆడవాళ్లు ఇద్దరు ఆనవాయితీ ప్రకారం గాజులు తీయించడానికి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

అనంతమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "ఇవి ఆయన ఏసినవి గావు. నా కష్టం మీద నేను కొనుక్కున్న. ఉండనియ్యున్రి."

వాళ్లు రుక్కమ్మ మొహం చూశారు. రుక్కమ్మ, "ఉండనియ్యున్రి" అంది.

భోజనాలు మొదలయ్యాయి. రుక్కమ్మ అన్నం గంపతో వరసలోకి వచ్చింది. అనంతమ్మ తన సంచిలోంచి గుప్పెడంత స్టీలు గిన్నె ఒకటి తీసి నాగరాణి ముందు పెట్టింది. అంచు అరిగిపోయిన గిన్నె. దాని మీద గిన్నెల దుకాణంలో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: నాగరాణి.

"ఇదేందమ్మా?"

"నీది. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఇందుల అన్నం కలిపి గోడ మీద పెట్టిన, నీ పేరు మీద. ముప్పై ఏండ్లు. కాకులు తింటుంటే నువ్వు తిన్నవనుకున్న." అనంతమ్మ గిన్నెను కూతురి వైపు ఇంకొంచెం జరిపింది. "ఏమి తిన్నవో, ఎవరు పెట్టిన్రో."

నాగరాణి గిన్నెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఎదురుగా రుక్కమ్మ గంపతో నిలబడి ఉంది. వంగి, ఆ గిన్నె నిండా అన్నం పెట్టింది. అది తీసుకుని అనంతమ్మ ముద్ద కలిపింది.